ఇంట్లో క్షమిస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఓటీటీల్లో వచ్చే యానిమేషన్ ధారావాహికల గురించి మన దినపత్రికల సినిమా పేజీల్లో రాసేది బహు తక్కువ. రాసినా రెండు మూడు వాక్యాల్లో కథ చెప్పి, రక్తపాతం ఎక్కువ కాబట్టి పిల్లలకు చూపించవద్దన్న హెచ్చరికతో సరిపెడుతున్నారు. ఆ హెచ్చరిక అవసరమైనదే, దానితో నాకు పేచీ లేదు. అయితే పిల్లలు చూడకూడదని చెప్పిన తర్వాత, పెద్దలు ఎందుకు చూడాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. అమెజాన్ ప్రైమ్ వీడియోలో 2021 మార్చి 26న మొదలైన ‘ఇన్విన్సిబుల్’ అనే అమెరికన్ ధారావాహికను దృష్టిలో పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కుటుంబంలో ఒకరు ఘోరమైన నేరం చేసినపుడు మిగిలినవారు ఏం చేయాలి, ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న ప్రశ్నను ఇంత పట్టుదలగా, ఇన్ని వైపుల నుంచి అడిగిన కథ ఈ మధ్యకాలంలో నాకు మరొకటి కనబడలేదు. మనుషులు గాల్లో ఎగిరే బొమ్మల కథ అయినంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూడటం న్యాయం కాదు. కథలోని మలుపులు చెప్పకుండా ఈ విషయం వివరించలేను గనుక, ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించి ముందుకు చదవగలరు.

రాబర్ట్ కర్క్‌మన్ రచయితగా, కోరీ వాకర్, ర్యాన్ ఓట్లీ చిత్రకారులుగా 2003 నుంచి 2018 వరకు 144 సంచికల్లో వెలువడిన కామిక్స్ దీనికి మూలం. మొదటి సీజన్ ఎనిమిది భాగాలు. రెండోది 2023 నవంబరులో సగం, 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో సగం వచ్చింది. మూడోది 2025 ఫిబ్రవరిలో మొదలై మార్చిలో ముగిసింది. నేను మాట్లాడేది ఈ మూడు సీజన్ల గురించే.

కథ ఒక మామూలు ఇంట్లో మొదలవుతుంది. తండ్రి నోలన్ గ్రేసన్ లోకం దృష్టిలో రచయిత. నిజానికి ఆయన విల్ట్రమ్ అనే వేరే గ్రహం నుంచి వచ్చి, ఓమ్నీమ్యాన్ పేరుతో భూమిని కాపాడుతున్న మహాబలుడు. తల్లి డెబీ ఇళ్ల క్రయవిక్రయాలు చూసే ఏజెంటు. కొడుకు మార్క్‌కు పదిహేడేళ్లు, బర్గర్లు అమ్మే దుకాణంలో పనిచేస్తుంటాడు. ఒకరోజు అక్కడి చెత్త సంచిని తొట్టిలోకి విసరబోతే అది ఆకాశంలోకి దూసుకుపోయి కనుమరుగవుతుంది, తండ్రి బలం తనకూ వచ్చిందని అలా తెలుస్తుంది. ఆ కుర్రవాడి ఆనందం చూసి మనకూ ముచ్చటేస్తుంది. కానీ తండ్రి ముఖంలో ఆ సంతోషం కనిపించదు. శిక్షణ పేరుతో కొడుకును అవసరానికి మించి బలంగా కొట్టిన సన్నివేశం మొదటి భాగంలోనే ఉంది. ఆ భాగం ముగిసేలోపు నోలన్ తన తోటి వీరులందరినీ, ‘గార్డియన్స్ ఆఫ్ ది గ్లోబ్’ అనే దళాన్ని మొత్తం, తన చేతులతో చంపేస్తాడు. ఎందుకు చంపాడో చూసేవారికి అప్పుడే తెలియదు. చంపింది ఎవరో మాత్రం మనకు తెలుసు, ఇంట్లో వాళ్లకు తెలియదు.

అక్కడి నుంచి కథను మోసేది డెబీయే. ఇంట్లో దాచిన నెత్తుటి మరకల దుస్తులు ఆమె కంట పడతాయి. ఆమె వాటిని ఉతికి ఆరేసి ఊరుకోదు. మహావీరులకు దుస్తులు కుట్టే పాత స్నేహితుడు ఆర్ట్ దగ్గరికి తీసుకెళ్లి నిజం ఏమిటో తేల్చుకోవాలని చూస్తుంది. ఇరవై ఏళ్ల కాపురాన్ని ఒక పక్క, కళ్లెదుట ఉన్న సాక్ష్యాన్ని ఒక పక్క పెట్టుకుని ఆ ఇల్లాలు పడే నలుగుబాటును సాండ్రా ఓ తన గొంతుతోనే పలికించారు. ఎగరడం, గోడలు బద్దలు కొట్టడం ఏమీ లేని ఆ సన్నివేశాలు ఈ ధారావాహికలో అన్నిటికంటే బిగువైనవి. భర్త మీద అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆయన ఎదుట కూర్చుని అన్నం తినవలసిరావడం ఎంత నరకమో ఆ బొమ్మ ముఖంలో కనిపిస్తుంది.

మొదటి సీజన్ చివరి భాగంలో తండ్రి కొడుక్కు అసలు సంగతి చెబుతాడు. విల్ట్రమ్ వాళ్లు బలహీనులను తమ జాతిలోనే ఏరివేసి చంపుకున్నవారు. మిగిలినవారు లోకాలను జయించే సామ్రాజ్యాన్ని నిర్మించుకున్నారు. భూమిని ఆ సామ్రాజ్యానికి సిద్ధం చేయడానికి పంపిన మనిషి నోలన్. కొడుకు తనతో కలిసి వస్తాడని ఆయన నిజంగానే అనుకుంటాడు. నీ తల్లి అంటే నాకు ఇష్టమే, కానీ పెంపుడు జంతువు మీద ఉండే ఇష్టం లాంటిది అని కొడుకు ముఖం మీదే అంటాడు. ఆ మాటను డెబీ కూడా వింటుంది. ఆ తర్వాత వచ్చే పోరు గురించి చాలామంది రక్తపాతం అనే ఒక్క మాటతో చెప్పి ఊరుకుంటున్నారు గనుక దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. షికాగోలో, దూసుకొస్తున్న మెట్రో రైలుకు ఎదురుగా కొడుకును కదలకుండా పట్టుకుంటాడు తండ్రి. మార్క్ శరీరం చెక్కుచెదరదు. రైలూ అందులోని జనమూ ఆ శరీరానికి తగిలి ఛిద్రమవుతారు. ఎవరినైతే కాపాడాలని ఆ పిల్లవాడు తపించాడో, వాళ్ల చావుకు వాడి ఒంటినే ఆయుధంగా వాడాడన్నమాట. మనుషుల ప్రాణాలకు విలువ లేదని నిరూపించడానికి తండ్రి ఎంచుకున్న పాఠం అది. చూడటం కష్టం. ఆ కష్టం లేకపోతే, తర్వాత వచ్చే రెండు సీజన్లలో మార్క్ ఎందుకు నిద్రపోలేకపోతాడో మనకు అర్థం కాదు.

చివరకు నెత్తుటి ముద్దగా పడి ఉన్న కొడుకును, ఐదు వందల ఏళ్ల తర్వాత నీకంటూ ఎవరు మిగులుతారని తండ్రి నిలదీస్తే, మార్క్ చెప్పిన సమాధానం: మీరుంటారు నాన్నా. నోలన్ చెయ్యి ఆగిపోతుంది. చిన్నప్పుడు మార్క్ బేస్‌బాల్ ఆడుతుంటే డెబీతో కలిసి గట్టు మీద కూర్చుని చూసిన రోజు ఆయనకు గుర్తొస్తుంది. కంట నీరు పెట్టుకుని భూమిని వదిలి వెళ్లిపోతాడు.

చాలా కథలు ఇక్కడ ఆగిపోయేవి. తండ్రి మనసు కరిగింది, కొడుకు బతికాడు, శుభం కార్డు వేయవచ్చు. ‘ఇన్విన్సిబుల్’ గొప్పతనం అంతా అక్కడ ఆగకపోవడంలోనే ఉంది. తండ్రి కన్నీరు నిజమే. ఆయనకు కొడుకు మీద ప్రేమ ఉన్నదీ నిజమే. అయినా షికాగోలో చనిపోయిన వేలమందికి ఆ కన్నీటితో సంబంధం లేదు. మార్క్ తండ్రిని తలుచుకుని ఏడవవచ్చు, ఏదో ఒకనాడు క్షమించవచ్చు. ఆ రైలులో ఉన్నవాళ్ల తరఫున క్షమించే అధికారం మాత్రం అతనికి లేదు, ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లో జరిగే రాజీ ఒకటి, బయటివారికి చెప్పుకోవలసిన జవాబు మరొకటి అన్న ఈ తేడాను రచయితలు రెండో సీజన్ మొదలుకొని ఒక్కచోట కూడా చెరిగిపోనివ్వలేదు.

మనకు ఇది కొత్త ఆలోచనేం కాదు. తనను చంపబోయిన తండ్రిని ఎదిరించిన ప్రహ్లాదుడు, ఆ తండ్రి హతుడైన తర్వాత నరసింహస్వామిని కోరుకున్న వరాల్లో హిరణ్యకశిపుడి పాపం పోవాలన్నది ఒకటి. కొడుకుగా అతను చేయగలిగింది ప్రార్థన. పాపం పోయిందని తానే ప్రకటించలేదు. మార్క్ పరిస్థితి అంతకంటే కష్టం, ఎందుకంటే అతని తండ్రి బతికే ఉన్నాడు, తిరిగి కనిపిస్తాడు కూడా.

డెబీ విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ ధర్మసందేహం అంతా ఆమె రూపంలోనే స్పష్టంగా కనబడుతుంది. రెండో సీజన్లో ఆమె తాగుడుకు దగ్గరవుతుంది, ఖాళీ ఇంట్లో ఒంటరిగా కూర్చుంటుంది, పనిలో మనసు నిలవదు. మహావీరుల జీవిత భాగస్వాములు ఒకచోట కూడి బాధ పంచుకునే బృందం ఒకటి ఉంటే అక్కడికి వెళ్తుంది, కానీ తన భర్త ఎవరో చెప్పదు. అక్కడ థియో అనే వ్యక్తితో మాట కలుస్తుంది. అతని భార్య గ్రీన్ ఘోస్ట్, నోలన్ చంపిన దళంలో ఒకరు. అతని దుఃఖం వింటున్నకొద్దీ డెబీకి నిజం దాచడం అసాధ్యమవుతుంది. చెప్పేస్తుంది. థియో ఆమెను ఓదార్చడు. అతని కోపం కట్టలు తెంచుకుంటుంది. ఆమె కూడా బాధితురాలే కదా, ఆమెను అనడం అన్యాయం కదా అని మనకు అనిపిస్తుంది. థియో వైపు నుంచి చూస్తే, హంతకుడి ఇంట్లో ఇన్నేళ్లు ఉన్న మనిషికి ఏమీ తెలియదంటే ఎలా నమ్మాలన్న ప్రశ్న కూడా సహజమే. రచయితలు ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేదు. నన్ను అడిగితే, మూడు సీజన్లలో అతి ధైర్యమైన పని ఏ యుద్ధమూ కాదు, చెప్పకుండా దాచుకోగలిగిన నిజాన్ని డెబీ ఆ మనిషికి చెప్పడమే.

ఇక నోలన్ ఏమయ్యాడు? థ్రాక్సా అనే గ్రహం చేరి, అక్కడి పురుగుల్లాంటి అల్పాయుష్కుల జాతిలో ఆండ్రెసా అనే ఆమెను కట్టుకుని, ఇంకో కొడుకును కంటాడు. మార్క్‌ను అక్కడికి రప్పించి, ఏమీ జరగనట్టు తమ్ముణ్ని చూపిస్తాడు. మార్క్‌కు వచ్చే కోపం మన ఇళ్లలో రెండో సంసారం బయటపడ్డప్పుడు పెద్ద కొడుకుకు వచ్చే కోపమే. ఈ ఘట్టాన్ని కొంత తొందరగా నడిపించారని, ఆండ్రెసా మనసు మనకు పూర్తిగా తెలియకుండానే కథ దాటిపోయిందని నాకు అసంతృప్తి ఉంది. కానీ దాని ఫలితం మాత్రం పెద్దది. సామ్రాజ్యం వాళ్లు నోలన్‌ను బంధించి తీసుకుపోతారు, పసివాణ్ని మార్క్ భూమికి తెచ్చి తల్లి చేతుల్లో పెడతాడు. తనను పెంపుడు జంతువుతో పోల్చిన భర్త మరో స్త్రీ వల్ల కన్న బిడ్డను డెబీ పెంచాలి. మొదట ఆమె వద్దనుకుంటుంది, అది న్యాయమే. తర్వాత ఆలివర్ అని పేరు పెట్టి పెంచుతుంది. దీన్ని త్యాగమూర్తి కథగా చూపకపోవడం నాకు నచ్చింది. ఆమెకు కోపం పోలేదు, అలసట తగ్గలేదు; పిల్లవాడు చేసిన తప్పేమీ లేదన్నది ఒక్కటే ఆమె తీసుకున్న నిర్ణయానికి ఆధారం.

మూడో సీజన్లో ఆరో భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్కాట్ డువాల్ అనే మామూలు ఉద్యోగి చెల్లెలూ మేనకోడలూ షికాగోలో చనిపోయారు. అతని దృష్టిలో వాళ్లను చంపింది నోలన్ ఒక్కడే కాదు, మార్క్ కూడా. తన శరీరంలోని విద్యుత్ శక్తిని ఆయుధంగా మలచుకుని పవర్‌ప్లెక్స్ అనే పేరుతో పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు, భార్య అతనికి తోడు నిలుస్తుంది. ఆ పోరులో అతని చేతి మెరుపుకే అతని భార్యా, చిన్న కొడుకూ బలైపోతారు. మార్క్ చెప్పగలిగేది తాను చింతిస్తున్నానని మాత్రమే. ఆ మాటే ఆ భాగానికి పేరు కూడా. తప్పు చేయనివాడు క్షమాపణ చెబుతున్నాడు, అది అందుకోవలసినవాడు అందుకోలేకపోతున్నాడు. మార్క్ నిర్దోషి అని మనకు తెలిసినంత మాత్రాన స్కాట్ దుఃఖం అబద్ధం అయిపోదు. తండ్రి చేసిన పనికి కొడుకు జవాబుదారీ కాదని న్యాయస్థానాలు చెబుతాయి, సరిగానే చెబుతాయి. కానీ చనిపోయినవారి కుటుంబం ఎదుట నిలబడినపుడు ఆ తీర్పు కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడలేం.

అదే సీజన్లో మార్క్‌కూ ప్రభుత్వ రక్షణ సంస్థ అధిపతి సెసిల్ స్టెడ్‌మన్‌కూ మధ్య వచ్చే తగాదా మరో రకం. హంతకులను సంస్కరించి సెసిల్ మళ్లీ పనిలో పెట్టుకున్నాడని తెలిసి మార్క్ తిరగబడతాడు. వాళ్లు చేసిన నేరాలకు శిక్ష ఏదని అతని ప్రశ్న. ఎక్కువ ప్రాణాలు దక్కాలంటే చేతులు మురికి కాక తప్పదని సెసిల్ వాదన. మార్క్ తలలో అతనికి తెలియకుండానే సెసిల్ ఒక పరికరం పెట్టించి ఉంచడం ఈ వాదనను మరింత చేదుగా చేసింది. నా సానుభూతి మార్క్ వైపే, అయినా సెసిల్ మాటను తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. ఎందుకంటే తన ఇంట్లోనే మార్క్‌కు అదే చిక్కు ఎదురవుతుంది: వేగంగా ఎదుగుతున్న ఆలివర్ ఇద్దరు నేరస్థులైన మాలర్ కవలలను చంపేసి, మళ్లీ ఎవరికీ హాని చేయకుండా ఆపాను కదా, ఇందులో తప్పేమిటని అన్నను అడుగుతాడు. చంపడం తప్పని నేర్పాలనుకునే అన్న చేతికి ఆంగ్‌స్ట్రమ్ లెవీ నెత్తురు అంటి ఉంది. తల్లి చెయ్యి విరిచి బెదిరించిన ఆ మనిషిని మార్క్ ఆగ్రహంతో చావగొట్టాడు. సీజన్ చివరికి వచ్చేసరికి, తన వాళ్లకు ముప్పు తెచ్చేవారిని చంపడానికి ఇక వెనుకాడనన్న చోటికి మార్క్ చేరుకుంటాడు. అది తండ్రి వైపు ఒక అడుగా, లేక లోకం నేర్పిన కటిక పాఠమా అన్నది రచయితలు తేల్చలేదు. నాకు మాత్రం భయం వేసింది.

ఆ భయానికి కారణం ఉంది. లెవీ అనేక ప్రపంచాలను చూసినవాడు. ఆ ప్రపంచాల్లో చాలావాటిలో మార్క్ తండ్రితో చేయి కలిపాడని అతనే చెబుతాడు. మూడో సీజన్లో అలాంటి దుష్టులైన పద్దెనిమిది మంది మార్క్‌లు వచ్చి భూమి మీద పడతారు. ముఖం అదే, రక్తం అదే. ఈ ఒక్క ఇంట్లో మార్క్ వేరుగా ఎందుకు పెరిగాడో కథలో ఎవరూ వివరించరు. తల్లి పెంపకమే కారణమని నా నమ్మకం, దానికి రుజువుగా డెబీ మాట్లాడే ప్రతి సన్నివేశాన్నీ చూపగలను.

హింస సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. షికాగో ఘట్టంలో అది అవసరం. అన్నిచోట్లా అలా లేదు. పేగులు బయటపడేదాకా చూపకుండానే కథ నడిచే సందర్భాలు చాలా ఉన్నాయి, అక్కడ దర్శకులు నిగ్రహం పాటించి ఉంటే బాగుండేది. ఇది పూర్తిగా పెద్దల కోసం తీసినది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు ఓటీటీ కార్యక్రమాలను యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అనే అయిదు వర్గాలుగా విభజించాయి. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలనీ, ఎ వర్గానికి వయసు నిర్ధారించే ఏర్పాటు ఉండాలనీ చెప్పాయి. బొమ్మలు కదలడం చూసి ఇది పిల్లల కార్యక్రమమే అనుకుని టీవీ వదిలి వంటింట్లోకి వెళ్లే తల్లిదండ్రులు ఆ తాళం వాడుకోవాలి. పెద్దల సంగతి వేరు. నిమ్మలకుంట వంటి ఊళ్ల కళాకారులు ఆడించే తోలుబొమ్మలాటను తెల్లవార్లూ కూర్చుని చూసింది ఊళ్లోని పెద్దలే, అందులో చూసింది అన్నదమ్ముల వైరాలూ తండ్రీకొడుకుల ధర్మసంకటాలే. బొమ్మలు పెద్దల కథ చెప్పగలవని మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఈ ధారావాహిక గురించి తెలుగు పాఠకులకు చెప్పాలని నాకు ఇంత పట్టు ఎందుకంటే, మన కుటుంబాల్లో నేరం బయటపడ్డప్పుడు జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. పెద్దలు గదిలో కూర్చుంటారు. మనవాడే కదా, ఇంటి పరువు వీధిన పడకూడదు అంటారు. చేసినవాడు తల దించుకుని రెండు కన్నీటి చుక్కలు రాలిస్తే అక్కడితో వ్యవహారం ముగిసినట్టే. దెబ్బతిన్న మనిషిని, అది కోడలైనా, పనిమనిషి కూతురైనా, తాగి నడిపిన బండి కింద పడ్డ బాటసారి అయినా, ఆ గదిలోకి పిలవరు, మాట అడగరు. ప్రేమకు కొరత ఉండి ఇలా చేయడం లేదు. ఇంటివాళ్ల మీది ప్రేమతోనే చేస్తున్నారు. నోలన్‌కు కొడుకు మీద ఉన్న ప్రేమ కూడా అబద్ధం కాదు. థియో ముందు కూర్చున్న డెబీని చూసినపుడు, ఆ గదుల్లో నోరు నొక్కుకున్న ఎందరో ఇల్లాళ్లకు ఆమె చేసిన పని ఎంత కష్టమో అర్థమవుతుందని నాకనిపించింది. అలాంటివారిలో ఒకరైనా ఈ కథ చూడాలని నా కోరిక.

అందుచేత మీకు నా విన్నపం ఇది. ఆదివారం సంచికలో నెలకు ఒక్కసారైనా పెద్దల యానిమేషన్‌కు కొంత చోటు కేటాయించండి. రాసేవారు మొదటి భాగం చూసి వదిలేయకుండా సీజన్ మొత్తం చూసి రాయాలి. ఏ వయసు వర్గానికి చెందినదో మొదటి వాక్యంలోనే చెప్పి, ఆ తర్వాత కథలోని మనుషుల గురించి, సినిమాలకు రాసినంత శ్రద్ధగా రాయాలి. నోలన్‌ను క్షమించవచ్చా లేదా అన్న విషయం మీదనే మీరు పాఠకుల అభిప్రాయాలు ఆహ్వానిస్తే, ఇంటింటా ఎన్ని రకాల సమాధానాలు వస్తాయో చదవాలని ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ